శుక్రవారం పడమటికి పార్సిల్

ఆ రోజుల్లో మా వీధికి ఏ కబురైనా మొదట మా ఆటో మావయ్య బండిలోనే వచ్చేది. ఎవరింట్లో పురుడు పోశారో, ఏ ఫ్యాక్టరీ గేటు ముందు మనుషుల్ని తీసుకుంటున్నారో, ఏ డాక్టరు చెయ్యి చల్లనిదో, అన్నీ వెనకసీటు మాటల్లోంచి ఏరుకొచ్చి, సాయంత్రం జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో మా సందు మొగలో ఆటో ఆపి ఇంటింటికీ పంచేవాడు. ఆయనతో మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి ఒకే రైలుపెట్టెలో నిలబడి వచ్చారట. ఆ నిలబడిన చుట్టరికంతో నాకు మావయ్య అయ్యాడు. నాకు ఉద్యోగం ఉందన్న కబురు మొదట తెచ్చింది కూడా ఆయనే. నేను గుమ్మంలో కూర్చుని దీపాలకి వత్తులు చేసుకుంటున్నాను. ఆయన ఆటో దిగకుండానే తల బయటికి పెట్టి, "ఓలె గుంటా, సాక్చిలో కొరియర్ ఆఫీసోలకి బండి నడిపే ఆడమనిషి కావాలట. ఆడోళ్లయితే ఇళ్లల్లో బేగి తలుపు తీత్తారట. నీకు బండొచ్చు కదా, ఎల్తావేటి?" అన్నాడు.

"బండొచ్చు" అనడం ఆయన మంచితనం. నాన్న పాత స్కూటర్ మీద నాకు నడపడం నేర్పింది ఆయనే కాబట్టి నాకు ఎంత వచ్చో ఆయనకి తెలుసు. నాకున్న పెద్ద దోషం ఏమిటంటే, దారిలో గుడి కనిపిస్తే చాలు, రెండు చేతులూ వాటంతట అవే హ్యాండిల్ వదిలేసి దండం పెట్టేసేవి. (జంషెడ్‌పూర్‌లో ప్రతి మలుపులోనూ ఒక హనుమంతుడు ఉంటాడని మీకు తెలియకపోతే ఆ మొదటి నెలలో మావయ్య పడిన బాధ మీకు అర్థం కాదు.) స్కూటర్ పక్కనే పరిగెడుతూ అరిచేవాడు: "దండం మనసులో ఎట్టుకోయే! బ్రేకు చేత్తో ఎట్టు!" నేను ఈ రోజుకీ బండెక్కగానే మంత్రంలాగా అనుకునే మాట అదే.

నా చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. మూడో తరగతిలో ఉండగా కీళ్లజ్వరం వచ్చి రెండేళ్లు మంచం మీద ఉన్నాను. లేచేసరికి నా ఈడు పిల్లలు ఐదు దాటిపోయారు. మళ్లీ చిన్నపిల్లల మధ్య కూర్చోనని నేనూ, పిల్ల మళ్లీ జబ్బు పడుతుందేమోనని ఇంట్లోవాళ్లూ, ఇలా అందరం కలిసి బడి సంగతి మెల్లగా మరిచిపోయాం. మరవనిది మా నాన్నమ్మ ఒక్కతే. ఆవిడే నాకు గురువు. అయితే ఇంట్లో తెలుగు పుస్తకమంటూ ఉన్నది ఒక్కటే, ఏటేటా ఊరినుంచి తెప్పించుకునే పంచాంగం. కాబట్టి నేను అక్షరాలు తిథుల్లో నేర్చుకున్నాను, అంకెలు ఘడియల్లో నేర్చుకున్నాను, కూడికలూ తీసివేతలూ రాహుకాలానికి ఇంకా ఎంతసేపుందో లెక్కకట్టి నేర్చుకున్నాను. హిందీ మాత్రం వీధి నేర్పింది. ఇలాంటి చదువు చదివిన పిల్ల బయటికెళ్లి ఇంటింటికీ పార్సిళ్లు ఇచ్చే ఉద్యోగం చేస్తే ఎలా ఉంటుందో కొంచెం ఊహించుకోండి. మిగతాది నేను చెబుతాను.

ఆఫీసులో పైవాడిని అందరం భయ్యా అనేవాళ్లం. ఆయన మంచివాడే కానీ ఎప్పుడూ గడియారం మింగినవాడిలా ఉండేవాడు. పార్సిళ్లు ఏ వరసలో ఇవ్వాలో ఆయన ఒక కాగితం ఇచ్చేవాడు. నేను దాన్ని కళ్లకద్దుకుని తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, నా వరసలో నేను వెళ్లేదాన్ని. నా వరస ఏమిటంటారా? వారశూల. ఏ వారం ఏ దిక్కుకి ప్రయాణం పనికిరాదో చెప్పే లెక్క. సోమ శనివారాలు తూర్పు కూడదు. మంగళ బుధవారాలు ఉత్తరం, గురువారం దక్షిణం, శుక్ర ఆదివారాలు పడమర. సోమవారాలు మా ఇంటినుంచి ఆఫీసుకి రావడమే తూర్పు ప్రయాణం. కానీ అద్దంలో ముఖం చూసుకుని బయల్దేరితే సోమవారం దోషం పోతుందని నాన్నమ్మ చెప్పింది, స్కూటర్‌కి రెండద్దాలు ఉన్నాయి, కాబట్టి నాకు రెట్టింపు రక్షణ. మిగతా రోజులకి నేను ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. కూడని దిక్కుకి వెళ్లక తప్పకపోతే, ముందు దానికి ఎదురుదిక్కుకి కొంచెం దూరం వెళ్లి, తిరిగొచ్చి సాక్చిలో రోడ్లన్నీ కలిసేచోట ఉన్న గోల్ చక్కర్‌కి మూడు ప్రదక్షిణలు చేసి, అప్పుడు అసలు దారి పట్టేదాన్ని. ఆ చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ పోలీసు మొదటివారం ఈల వేశాడు, రెండోవారం నవ్వాడు, మూడోవారం నుంచి నా చుట్లు వేలు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, భయ్యా మా అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టించాడు. పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లకి వాళ్ల ఫోనులో నేను ఒక నీలంచుక్కగా కనిపిస్తాను. ఆ చుక్క తమ ఇంటివైపు వస్తున్నట్టే వచ్చి, వెనక్కి తిరిగి, గిరగిరా మూడుసార్లు తిరగడం చూసి జనం ఆఫీసుకి ఫోన్లు చేసేవాళ్లు. "పంచాంగ్ దీదీ, మీ బండికి పిచ్చెక్కిందా, మీకా?" అని భయ్యా హిందీలో తల పట్టుకునేవాడు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. నిజం చెప్పాలంటే లోపల నాకు గర్వంగానే ఉండేది. జనానికి వాళ్ల సామాను ఒక్కటే అందించే డ్రైవర్లు ఊళ్లో ఎందరో. శుభఘడియ చూసి అందించేది నేనొక్కదాన్నే కదా, వాళ్లకి తెలియకుండా వాళ్లకి మేలు చేస్తున్నాను కదా, అనుకునేదాన్ని. మనిషికి గర్వం ఎన్ని రకాలుగా వస్తుందో చూడండి. నాకు వినయం వేషం వేసుకుని వచ్చింది.

ఇక ఆ శుక్రవారం. ఆ పొద్దున మా పంచాంగం ఇంట్లో లేదు. పక్కింటివాళ్లు మనవడి బారసాలకి మంచిరోజు చూసుకుంటామని పట్టుకెళ్లారు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు అని నాకు నోటికొచ్చు, పడమర శూల అనీ నోటికొచ్చు. వర్జ్యం, అమృతఘడియలు మాత్రం రోజురోజుకీ మారతాయి, పుస్తకం చూస్తేగాని తెలియవు. చెడ్డవేళ ఎప్పుడో, అన్నిటికన్నా మంచివేళ ఎప్పుడో తెలియకుండా, సగం కళ్లు మూసుకున్నట్టు ఆఫీసుకి చేరాను.

సంచిలో అన్నిటికన్నా పైన ఒక గోధుమరంగు కవరు ఉంది. శ్రీకాకుళంలోని ఒక నర్సింగు కాలేజీనుంచి సోనారిలో ఒక అమ్మాయికి వచ్చింది. మీద 'ఒరిజినల్ సర్టిఫికెట్లు' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. "సోనారీ పహలే, దీదీ. అన్నిటికన్నా ముందు ఇదే" అని భయ్యా రెండుసార్లు చెప్పాడు. నేను ఆ కవరుని రెండు చేతులతో పట్టుకున్నాను. బడిమొహం సరిగా చూడని నేను జీవితంలో మొదటిసారి పట్టుకున్న సర్టిఫికెట్లు అవి. పేరు ఇంకొకరిదే అనుకోండి, బరువు మాత్రం నా చేతికే తెలిసింది. భయ్యా అటు తిరగగానే నా చిన్న భరిణె తీసి కవరు మూలన తడివేలితో ఒక కుంకుమబొట్టు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. సోనారి అంటే సాక్చికి పడమర. ఇవాళ శుక్రవారం. బయల్దేరి సోనారి చేరేసరికి రాహుకాలం పట్టేస్తుంది. ఒక ఆడపిల్ల భవిష్యత్తుని శుక్రవారంపూట, పడమటికి, రాహుకాలంలో పట్టుకెళ్లి గుమ్మంలో పడేయమంటారా? నా చేతులతోనా? ఆ పిల్ల ముఖం కూడా నేను చూడలేదు కానీ, ఆమె మీద నాకు పొంగుకొచ్చిన ప్రేమకి హద్దు లేదు. ఆమె మేలుకోరే, పన్నెండు దాటాకే ఇద్దామని నిశ్చయించుకుని, తూర్పున గోల్మురి వైపు బండి తిప్పాను.

పదిగంటలకి ఫోను మోగింది. "దీదీ, నేను సోనారినుంచి. నా కవరు మీ దగ్గరే ఉందట కదా? మ్యాప్‌లో మీరు ఉల్టా పోతన్నారేటి?"

"వస్తానమ్మా, పన్నెండు దాటాక వస్తాను. కొంచెం మంచి సమయం చూసుకుని..."

"అక్కా, నాకు ఒకటిన్నరకి ట్రైన్. ఢిల్లీలో హాస్పిటల్ ఉద్యోగం. రేపు సాయంత్రంలోపు ఒరిజినల్స్ సూపించాలి, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేత్తారట. ప్లీజ్ అక్కా." దీదీ కాస్తా అక్క అయ్యేసరికి నా గుండె కరిగిపోయింది. కరిగింది కానీ దిక్కు మార్చుకోలేదు. పన్నెండుకి బయల్దేరితే పన్నెండున్నరకి సోనారి, అక్కడినుంచి స్టేషను అరగంట, బోలెడు సమయం ఉందని లెక్కకట్టాను. (ఘడియల్లో నేర్చుకున్న లెక్క కదా, తప్పదు.) పైగా ఇంకో మంచిపని చేస్తున్నానని మురిసిపోతూ, "స్టేషనుకి ఆటో వెతుక్కోకండమ్మా, మా మావయ్యని పంపిస్తాను, నమ్మకమైన మనిషి" అన్నాను. ఆ రోజు నేను తెలివిగా చేసిన పని అదొక్కటే, అదీ తెలివని తెలియకుండా చేసింది.

రాహుకాలం వెళ్లేదాకా గోల్మురిలో మంచిపనుల మీద పడ్డాను. ఒక ముసలావిడకి కుక్కరు మూతకి వేసే రబ్బరు వచ్చింది. అది ఎలా బిగించాలో ఆవిడకి తెలియదు. నేనే బిగించి ఇచ్చి, సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని పప్పు పెట్టించి, మూడు విజిళ్లు వచ్చేదాకా ఆవిడ వంటింట్లో పీటమీద కూర్చున్నాను. మూడోది రాగానే ఆవిడా నేనూ చప్పట్లు కొట్టాం. సోనారిలో ఒక ఇంటినిండా జనం నా నీలంచుక్క ఆ వంటింట్లో ఇరవై నిమిషాలు కదలకుండా ఉండటం చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నారని నాకేం తెలుసు?

సరిగ్గా పన్నెండుకి సాక్చి చేరాను. తూర్పుకి ఒక ఫర్లాంగు వెళ్లాను, తిరిగొచ్చాను, గోల్ చక్కర్ చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టాను. పోలీసు వేళ్లు మడుస్తున్నాడు. తర్వాత మావయ్య చెప్పగా తెలిసింది, అదే సమయానికి సోనారిలో ఏం జరుగుతోందో. ఆటోలో పెట్టె, పరుపుచుట్ట, ఊరగాయ జాడీ ఎక్కించేశారు. అమ్మాయి, వాళ్లమ్మ, వాళ్ల నాన్న ముగ్గురూ ఫోను మీద వంగిపోయి ఉన్నారు.

"ఇదేటిది? తూర్పుకెల్లింది!" అన్నాడట వాళ్ల నాన్న. "ఇప్పుడు సుట్టూ తిరుగుతంది! బండి నడిపేది మనిషా, గానుగెద్దా?"

"బాబూ, కంగారు పడకండి. అది మా గుంటే. శుక్రారం కదా, మూడు సుట్లయ్యాక వచ్చెత్తాది. ఇక్కడే ఉండండి" అన్నాడట మావయ్య.

"ఉండీదేటి? దారి తప్పిపోనాది అది! పదండి సాక్చి, మనమే ఎల్లి పట్టుకుందాం!" పెళ్లికాని కూతురు మొదటి ఉద్యోగానికి ఢిల్లీ వెళుతుంటే ఏ తండ్రి నెమ్మదిగా ఉంటాడు? మావయ్య ఎంత చెప్పినా వినలేదు. తాళం వేసి బయల్దేరిపోయారు, ఆ కంగారులో మళ్లీ ఫోనులో చుక్కని చూసినవాళ్లే లేరు. వాళ్లు ఒక దారిన తూర్పుకి, నేను ఇంకో దారిన పడమటికి. మధ్యలో ఎక్కడో ఆటోలోంచి ఊరగాయ వాసన నా ముక్కుదాకా వచ్చే ఉంటుంది, నేను హెల్మెట్ అద్దం దించుకుని స్తోత్రం చదువుకుంటున్నాను.

సోనారిలో ఆ ఇంటి తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటి పెద్దమ్మ వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, "ఓలమ్మ, నువ్వేనేటి ఆ గిరగిరా తిరిగీదానివి? నిన్ను పట్టుకోడానికే సాక్చి ఎల్లిపోనారే!" అంది. నేను ఫోను చేశాను. అవతల అమ్మాయి గొంతు ఏడుపుకి ఒక్క మెట్టు ఇవతల ఉంది. వెనకనుంచి వాళ్ల నాన్న, "ఆవిడిని అక్కడే ఉండమను, మనం ఎనక్కెల్దాం" అంటున్నాడు. నేనేమో "ఉండండి ఉండండి, నేనే సాక్చి వచ్చేస్తాను" అంటున్నాను. సమయం పన్నెండూ నలభై. ఇంకోసారి దారిలో తప్పిపోయామంటే ఆ రైలు ఆ పిల్లకి లేనట్టే.

బండి స్టార్ట్ చేయబోయాను. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ మూకుట్లో ఎండుమిరపకాయల పోపు వేసింది. ఆ ఘాటుకి ఆవిడ తుమ్మింది. ఒక్కటే తుమ్ము. ఒంటితుమ్ము! ప్రయాణం ముందు ఒంటితుమ్ము తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు లేవాలని నా పాఠాల్లో మొదటి పాఠం. నేను సమయం చూసింది చాలక, ఇంకా చూడనిదేదో ఉండబట్టే ఇన్ని అడ్డంకులు వచ్చాయని నా బుద్ధి అటే పోయింది. నావల్లే ఆలస్యమైందన్న మాట మాత్రం తట్టలేదు, చూడండి విచిత్రం. గుమ్మంలో చతికిలబడి, కవరు గుండెకి హత్తుకుని, "స్వామీ, ఈ పిల్లకి నావల్ల చెడు జరగనివ్వకు" అని కళ్లు మూసుకున్నాను. చేతిలో ఫోను ఇంకా తెగలేదు.

"ఏటే, కదలవేటి?" ఈసారి మావయ్య గొంతు. ఫోను లాక్కున్నట్టున్నాడు.

"మావయ్యా, బయల్దేరబోతుంటే పెద్దమ్మ తుమ్మింది. ఒక్క పది నిమిషాలు కూర్చుని..."

అవతల ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తిడతాడనుకున్నాను. ఆ ఆటో స్టాండు తిట్లన్నీ ఆయన గొంతుదాకా వచ్చి ఉంటాయి. కానీ చాలా మెత్తగా, "ఒక్క నిమిషం ఉండు తల్లీ. మీ నాన్నమ్మకి ఫోన్ సేసి పంచాంగం సూడమంతాను" అని పెట్టేశాడు. నిమిషం కూడా కాలేదు, మళ్లీ మోగింది.

"అడిగీసినాను! పుస్తకం వచ్చీసిందట, సూసి సెప్పింది. పన్నెండూ నలభైనుంచి అమృతఘడియలట! ఒకటిన్నర దాకా! ఇలాటి ఘడియ నెలకోపాలి కూడా రాదట. ఇంక ఇటు రాకు, మేం అటు రాం. తిన్నగా స్టేషనుకి ఎల్లిపో. శుక్రారం దక్షిణానికి శూల లేదు కదా, నువ్వే సెప్పేదానివి. మేమూ అక్కడికే వత్తన్నాం. ఎల్లు తల్లీ, ఘడియలు కరిగిపోతన్నాయి!"

అమృతఘడియలు! నా ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం. తుమ్ముదోషం అమృతఘడియల ముందు ఎంత? పెద్దమ్మ కిటికీలోంచి ఏదో అంటోంది, నేను అప్పటికే సందు దాటేశాను. ఆ రోజు నేను నడిపినట్టు మళ్లీ ఎప్పుడూ నడపలేదు. నియమాలు తప్పలేదు, ఎర్రదీపం దగ్గర ఆగాను, కానీ నేను వచ్చేసరికి దీపాలన్నీ పచ్చగా మారుతున్నట్టే అనిపించింది. బిష్టుపూర్‌లో ఒక గుడి, జుగ్సలాయ్‌లో రెండు. మూడింటికీ దండం మనసులోనే పెట్టాను. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. మావయ్య చెప్పిన పాఠం నాకు సంపూర్ణంగా వంటబట్టింది ఆ అరగంటలోనే.

స్టేషను ముందు ఆటో టాపుకి ఒక ఎర్ర తువ్వాలు కట్టి, మావయ్య ముందుసీటు పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు. "బండి నాకొగ్గీ! మూడో నెంబరు! పరిగెట్టు!" నా కోసం ప్లాట్‌ఫారం టికెట్టు కూడా కొని పెట్టి ఉంచాడు. హెల్మెట్ తీయడం మరిచిపోయి, వంతెన మెట్లు ఎక్కి దిగి పరిగెత్తాను. ఎవరో అంతరిక్షంనుంచి ఊడిపడ్డట్టు జనం తప్పుకుని దారిచ్చారు. పెట్టె తలుపు దగ్గర ఒక సన్నటి అమ్మాయి, తలనిండా కనకాంబరాలు, కళ్లనిండా నీళ్లు. రైలు ఇంకా కదల్లేదు. కవరు చాచాను. ఆమె చెయ్యి చాచింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"ఓటీపీ చెప్పమ్మా."

"ఓలమ్మో, దీని నియమం తగలెయ్య!" అని వాళ్ల నాన్న నెత్తి కొట్టుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే నాలుగంకెలూ చెప్పింది, నేను నొక్కాను, ఫోనులో పచ్చగుర్తు వచ్చింది, కవరు చెయ్యి మారింది. ఆమె అక్కడే చింపి, ఒక్కొక్క కాగితం చూసుకుని, అన్నీ ఉన్నాయని వాళ్లమ్మకి తల ఊపింది. భరిణె తీసి ఆ నుదుట ఒక బొట్టు పెట్టాను. రైలు కదిలింది. "దీదీ, థాంక్యూ దీదీ" అని ఆ పిల్ల, "పదిలం తల్లీ" అని వాళ్లమ్మ. రైలు చివరిపెట్టె దాటేదాకా వాళ్ల నాన్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, ఇందాక గానుగెద్దు అన్న ఆ మనిషే, రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. ఆ వేళకి నేను బండిమీద లేను కాబట్టి తప్పులేదు.

ఊళ్లో అందరికన్నా తల ఎత్తుకుని ఇంటికెళ్లాను ఆ సాయంత్రం. భయ్యా పెట్టిన చీవాట్లు కూడా నాకు దీవెనల్లాగే వినిపించాయి. కాళ్లు కడుక్కుని, దీపం పెట్టి, ఇంత మేలు చేసిన అమృతఘడియలకి దండం పెట్టుకుందామని పంచాంగం తీశాను. ఆ రోజు పేజీ వేలితో వెతికాను. ఒకసారి చూశాను. దీపం దగ్గరికి జరిపి మళ్లీ చూశాను. అమృతఘడియలు తెల్లవారుజామునే అయిపోయాయి. పగలు పన్నెండూ నలభైనుంచి రెండూ పదిదాకా ఉన్నది వర్జ్యం. ఏ మంచిపనీ మొదలుపెట్టకూడదని మా నాన్నమ్మ ఆ గంటన్నరా నన్ను గడప దాటనిచ్చేది కాదు. అంత నిఖార్సయిన వర్జ్యంలో నేను ఊరు ఈ చివరనుంచి ఆ చివరకి ఎగిరి వచ్చాను.

"నాన్నమ్మా, మధ్యాహ్నం మావయ్య నీకు ఫోన్ చేశాడా?"

"ఆడెందుకు సేత్తాడు? పుస్తకం ఇప్పుడే తెచ్చి ఇచ్చారు పక్కింటోలు."

సందు మొగకి పరిగెత్తాను. మావయ్య ఆటో తుడుచుకుంటున్నాడు. "మావయ్యా! నాన్నమ్మని అడగలేదు కదూ?"

"అడిగితే నిన్ను కదలనిచ్చీదేటి ఆ ముసిల్ది?"

"అది వర్జ్యం మావయ్యా! దేవుడి విషయంలో అబద్ధమా?"

ఆయన గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆ గుంట రైలుకి పంచాంగం తెలీదు కదే" అన్నాడు. వెనకసీటు సర్దుతూ, "దేవుడికి తెలుసులే నానెందుకు సెప్పినానో. నువ్వు ఎల్లి బువ్వ తిను" అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నమ్మకి జరిగిందంతా చెప్పాను, తిట్లు తినడానికి సిద్ధపడే. ఆవిడ అద్దాలు పెట్టుకుని ఆ పేజీ చాలాసేపు చూసింది. నాకు ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా తప్పుండదని నేర్పిన మనిషి. చివరికి పుస్తకం మూసి, కళ్లకద్దుకుని, గూట్లో పెట్టేస్తూ, "అచ్చుతప్పయ్యుంటాదిలే" అంది. ఇంక ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఢిల్లీలో పెద్ద నర్సమ్మ. ఏడాదికోసారి ఫోను చేస్తుంది. నేను కవరు మూలన పెట్టిన కుంకుమ లోపలికి ఇంకి, ఆమె సర్టిఫికెట్టు అంచుమీద ఒక ఎర్రమచ్చగా మిగిలిపోయిందట. ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసులో ఈ మచ్చ ఏమిటని అడిగితే ఏం చెప్పాలో తెలియక, "మా ఊరి ముద్ర సార్" అందట. ఆ మాట చెప్పి ఇద్దరం ఏడాదికోసారి కొత్తగా నవ్వుకుంటాం. నాకంటూ సర్టిఫికెట్టు ఇప్పటికీ లేదు. కానీ ఎక్కడో ఒకదాని మూలన నా వేలిముద్ర ఉంది. భగవంతుడు అంతమాత్రం ఇచ్చాడు, చాలు.

నేను ఆ ఉద్యోగం ఇంకో నాలుగేళ్లు చేశాను. వరస కాగితం ప్రకారమే వెళ్లాను. గోల్ చక్కర్ పోలీసు ఒకరోజు నన్ను ఆపి, "ఏం దీదీ, దేవుడితో గొడవైందా?" అని అడిగాడు. లేదన్నాను. నాన్నమ్మ వెళ్లిపోయాక పంచాంగం నేనే తెప్పించుకుంటున్నాను. ఇప్పటికీ పొద్దున్నే తీసి చదువుతాను, అది నా బడి కదా. చదివి, కళ్లకద్దుకుని, గూట్లో పెట్టి, ఎటు వెళ్లాలో అటే వెళతాను. సాక్చి వెళ్లినప్పుడల్లా ఆ చౌరస్తాలో పాతస్కూటర్ మీద, హెల్మెట్ కింద పెదాలు కదుపుతూ, ఊరందరికీ మేలు చేస్తున్నాననుకుంటూ గిరగిరా తిరిగే ఒక ఇరవైయేళ్ల పిల్ల కనిపిస్తుంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. పాపం, పిల్ల చెడ్డది కాదు. దారి చూపించే మనిషి ఒకడు ఉండబట్టి గట్టెక్కింది.

మావయ్య పోయినేడు వానాకాలంలో వెళ్లిపోయాడు. అది మంచి ఘడియో కాదో నేను పుస్తకం తీసి చూడలేదు. మీరెవరూ ఆయన్ని ఎరగరు, ఎరిగే అవకాశమూ లేదు. అయినా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎవరైనా మంచిపనికి బయల్దేరి, ఏదో భయంతో గుమ్మంలో చతికిలబడిపోతే, పుస్తకం వెతక్కండి. "అమృతఘడియలే తల్లీ, ఎల్లు" అనండి. అని, ఒక్క క్షణం మా ఆటో మావయ్యని తలుచుకోండి. దండం మాత్రం మనసులోనే పెట్టుకోండి.